సింహాసనం మీది బండ

తాడు రేచన చేతుల్లో ఉంది. తాడు కొసన శరభాంకుడి ప్రాణం వేలాడుతోంది.

భుజంగశిఖరం అంచున ఒక రాతికి కాళ్ళు తన్నిపెట్టి, వెనక్కి వాలి, తాడును బిగించి పట్టుకున్నాడు రేచన. అతను ఉపలపురానికి దళవాయి. కోట తలుపుల తాళాలన్నీ అతని మొలలోనే ఉంటాయి. అతని పాదాల ముందు నుంచి లోయ నిట్టనిలువుగా దిగిపోతోంది. ఆ లోయ గోడ నడుమ, గద్దలు కూడా వాలడానికి జంకే చోట, గండభేరుండం గూడు. ఏనుగు దంతాలు, రథాల ఇరుసులు, ఎప్పటివో విరిగిన శూలాలు పేర్చి కట్టిన గూడు అది. దాని నడిబొడ్డున నిప్పుకణికలా దీపమణి మెరుస్తోంది. కోట బురుజు మీద వెలుగుతూ, అడవి భూతాలు ఊళ్ళోకి రాకుండా కాపాడిన మణి. రెండు తలల పక్షి దాన్ని తన్నుకుపోయిన నాటినుంచి ఉపలపురంలో పొద్దు వాలితే తలుపు తీసేవాళ్ళు లేరు.

లోయకు అవతలి గట్టు మీదే కోట గోడ. గోడ పొడుగునా జనం.

"శరభా! శరభా!"

కేక లోయలో పడి, రాళ్ళకు కొట్టుకుని, రెండింతలై రేచన చెవిని తాకుతోంది. తాడు పట్టిన మనిషి పేరు ఏ గొంతులోనూ లేదు.

ఎవరు దిగాలో, ఎవరు తాడు పట్టాలో తేల్చింది కూడా ఆ జనమే. ఉపలపురంలో రాజు లేడు. ఏ సంగతి వచ్చినా ఊరంతా కొలువుకూటంలో చేరి, ఔనంటే తెల్ల గులకరాయి, కాదంటే నల్ల గులకరాయి రాగి గుండిగలో వేస్తారు. దళవాయి రాయైనా, చాకలి రాయైనా ఒకటే. నిన్న శరభాంకుడు దిగాలా అని అడిగితే గుండిగ తెల్లగా నిండిపోయింది. అప్పుడు కుమ్మరి ఓబమ్మ చెయ్యి తిప్పుతూ, "మన దళవాయిగారికి ఈ మధ్య బొజ్జ పెరిగింది కదా, ఆయన్నే తాడు పట్టుకోనివ్వండర్రా! ఆ బరువుకి కొండ కూడా కదలదు," అంది. అందరూ నవ్వారు. రేచన కూడా నవ్వాడు. ఆ నవ్వు అన్నంలో వెంట్రుకలా ఇంకా నోట్లోనే ఉంది.

ఆ తరవాత కువలయ వచ్చింది. సభ మొదలవకముందు, కొలువుకూటం సింహాసనం మీదున్న బండ మీది రాత చదివే పిల్ల ఆమె.

"శరభా, జాగ్రత్తగా దిగు," అంది. ఇటు తిరిగి, "దళవాయిగారూ, తాడు చూసుకోండి," అంది.

ఎన్నో ఏళ్ళుగా రేచన ఆమెకు 'గారూ'. నిన్నగాక మొన్న అడవిలోంచి వచ్చిన, ఊరూ పేరూ సరిగా తెలియని ఈ కుర్రవాడు వచ్చిన మర్నాటికే 'నువ్వు' అయ్యాడు. మర్యాద కూడా ఒక తలుపే అని, దానికి తాళం ఇటువైపు ఉండదని రేచనకు అప్పుడు తెలిసింది.

ఇప్పుడు గోడ మీద ఆమె ఆకుపచ్చ పైట కనిపిస్తోంది. ఆమె తల కిందికి వంగి ఉంది. గూటి వైపు. ఒక్కసారైనా ఆ తల శిఖరం వైపు లేస్తుందేమోనని చూశాడు. లేవలేదు.

"దొరికింది! రేచనన్నా, లాగు!" కింద నుంచి శరభాంకుడి కేక.

రేచన లాగాడు. ఒక బార, మరో బార.

అప్పుడు సూర్యుడికి ఏదో అడ్డొచ్చింది. లోయ మొత్తం ఒక్క రెక్క నీడలో మునిగింది. రాగిరేకుల్లాంటి ఈకలు, గుమ్మడికాయలంత కళ్ళు, రెండు మెడలు, రెండు ముక్కులు. ఒక తల అరుస్తుంటే రెండో తల మూగగా, బాధగా వేలాడుతోంది. పక్షి మలుపు తిరిగి శరభాంకుడి మీదికి దూకింది. గోడ మీద జనం ఒక్కసారి ఊపిరి పీల్చారు. తాడు ఎడమకు ఊగింది, కుడికి ఊగింది, జివ్వున బిగుసుకుంది.

తరవాత తాడు రేచన చేతుల్లో లేదు.

జారిందా? వదిలాడా? మెరుపుకూ ఉరుముకూ మధ్య ఉండేంత సందు అది. ఆ సందులో ఏం జరిగిందో చూసినవాడు రేచన ఒక్కడే. అతను కూడా సరిగా చూడలేదు. గండభేరుండం శరభాంకుడిని గోళ్ళలో ఇరికించుకుని నల్లకొండల మీది మబ్బుల్లోకి ఎగిరిపోయింది. తాడు దాని వెంట తోకలా ఊగుతూ పోయింది.

రేచన అరచేతులు తెరిచి చూడబోయాడు. సగం తెరిచి, ఆగి, తలగుడ్డ విప్పి రెండు చేతులకూ గబగబా చుట్టేసుకున్నాడు. ఎవరూ చూడకముందే. తను చూడకముందే.

*

కోటవాకిలి దగ్గర తలపాగా తాత ఎదురొచ్చాడు. ఈ మధ్యే ఊరు చేరిన ముసలాయన. గంపంత తలపాగా, తేనె పూసినట్టు మాట. ఏ గుంపులో నిలబడితే ఆ గుంపు మనసులో మాట ముందుగా తనే అనేసే మనిషి. అందుకే అందరికీ ఇష్టం.

"పాపం నాయనా," అన్నాడు, చుట్టిన చేతుల వైపు చూస్తూ. "ఎంత నొప్పి పడ్డావో! అందరూ వాడి పేరే అరిచారు. నేను మాత్రం నిన్నే చూశాను."

ఆ ఒక్క మాటకు రేచన అక్కడే ఆగిపోయాడు. ఎండిన నేల నీటిచుక్కను మంచిదా చెడ్డదా అని అడగదు.

"ఒక సంగతి అడుగుతా," తాత దగ్గరికి జరిగాడు. "గండభేరుండం మనిషిని చూస్తే అక్కడికక్కడే చీల్చేస్తుంది. వీడిని మాత్రం పసిబిడ్డలా ఎత్తుకుపోయింది. పెంచినవాడిని తప్ప పక్షి అలా మోస్తుందా? మణిని కాజేసింది పక్షి కాదేమో. పక్షితో కాజేయించినవాడు వాడేనేమో."

"అలా అనడానికి..."

"నువ్వు దగ్గరుండి చూశావు కదా. పక్షిని చూసి వాడు భయపడ్డాడా?"

రేచన కళ్ళ ముందు గోడ మీది ఆకుపచ్చ పైట కదిలింది.

"నవ్వాడు," అన్నాడు.

అన్న తరవాత తనే ఉలిక్కిపడ్డాడు. కాని మాట అప్పటికే తాత చేతిలో పడింది. రేచన కోట మెట్లు ఎక్కేలోగా అది వీధులన్నీ తిరిగి వచ్చింది. "నవ్వాడట!" "మణి చంకలో పెట్టుకుని పోయాడట!" "నాకు మొదట్నుంచీ అనుమానమే!" పొద్దున శరభా శరభా అని అరిచిన గొంతులే ఇవి.

కొలువుకూటం నిండింది. నిలువెత్తు స్తంభాలు, స్తంభాలకు చుట్టుకున్న రాతినాగులు, మెట్లకు ఇరుపక్కలా కూర్చున్న రాతిసింహాలు. మెట్ల పైన పాతరాజుల సింహాసనం. ఆ సింహాసనం మీద మనిషి లేడు. ఒక బండ ఉంది. ఆఖరి రాజును సాగనంపిన రోజున ఊరివాళ్ళు కొండనుంచి దొర్లించుకొచ్చి అక్కడ కూర్చోబెట్టిన నల్లబండ. గద్దె మీద కూర్చున్నవాడి మాటకు ఆ రాతిసింహాలు లేచి కదులుతాయని, అందుకే బండ పెట్టారని ముసలివాళ్ళు చెప్పేవారు. పిల్లలు నమ్మేవారు. పెద్దలు నవ్వేవారు.

తాత గుండిగ పక్కన నిలబడ్డాడు. "శరభాంకుడు ద్రోహి. కంటపడితే చంపాలి, వాడికి నీళ్ళు పోసినవాడిని కూడా. ఔనంటారా, కాదంటారా?"

"ఔను!" అంది కొలువు.

"ముందు బండ చదవాలి," అంది కువలయ. ఆమె మెట్లెక్కి, వేలితో అక్షరాలు తడుముతూ చదివింది.

"ఈ గద్దె మీద ఎవరూ కూర్చోరాదు. నోరు విప్పి చెప్పుకోనివ్వకుండా ఎవరినీ శిక్షించరాదు. ఊరంతా ఒక్కటైనా ఈ రెండూ మార్చరాదు."

"చెప్పుకోవడానికి వాడేడీ?" ఎవరో అరిచారు. "పక్షి మీద షికారు పోయాడుగా!"

"వచ్చేదాకా ఆగుదాం."

"రాకపోతే?"

"రాకపోతే ఎవర్ని చంపుతావన్నా? రానివాడిని చంపడానికి ఇంత తొందరెందుకు?"

కొందరు నవ్వారు. తాత నవ్వలేదు. చేతులు జోడించి జనం వైపు తిరిగాడు.

"నేను చదువుకోనివాడిని. నాకొక్క సంగతి చెప్పండి. ఈ ఊళ్ళో రాజు లేడు, జనమే రాజు అన్నారు. సంబరపడి వచ్చాను. తీరా చూస్తే ఒక బండ మిమ్మల్ని వద్దంటోంది! జనం పెద్దా? బండ పెద్దదా?"

కొలువులో గాలి మారింది. ఓబమ్మ ముందుకొచ్చింది. ఆమె గొంతులో ఈసారి వేళాకోళం లేదు.

"తాత అడిగింది తప్పేం కాదు కువలయమ్మా. ఆ బండ మా తాతముత్తాతలు పెట్టారు. నన్నడిగి పెట్టారా? మా ఆయన్నడిగారా? చచ్చిపోయినవాళ్ళు బతికున్నవాళ్ళ చెయ్యి పట్టుకుంటే ఎట్లా?"

"మంచి మాట అడిగావు పిన్నీ," అంది కువలయ. "నాకు తెలిసింది చెబుతాను. మా నాన్నది ఘోషవతి. ఏటికి అవతలి ఊరు. అక్కడా రాజు లేడు. కేక ఎటు పెద్దదైతే అటే న్యాయం. కేకను ఆపే రాయి గాని, రాత గాని లేదు. మా నాన్న వైద్యుడు. ఒకరోజు ఎవరి బిడ్డో జ్వరంతో చనిపోయింది. విషం పెట్టాడన్నారు. ఆయన నోరు తెరిచాడు. నోరు కదలడం నాకు కనిపించింది, మాట వినిపించలేదు. అంత కేక. తరవాత కేక వేసినవాళ్ళ మీద ఇంకొకళ్ళు కేక వేశారు. ఇప్పుడు వెళ్ళి చూడండి, ఘోషవతిలో తలుపులు గాలికి కొట్టుకుంటుంటాయి."

కువలయ ఓబమ్మ వైపు తిరిగింది.

"అక్కడా జనమే, ఇక్కడా జనమే. వాళ్ళు మనకంటే చెడ్డవాళ్ళు కారు. ఒకటే తేడా. మనవాళ్ళు తమకు కోపం లేని రోజున కూర్చుని, కోపం వచ్చిన రోజున తాము ఏం చేయకూడదో రాసుకున్నారు. ఏ పని చేయాలో గుండిగ చెబుతుంది పిన్నీ. ఎవడు ఒంటరిగా నిలబడ్డా వాడిని ఏం చేయకూడదో బండ చెబుతుంది. రేపు ఆ ఒంటరి మనిషివి నువ్వే కావచ్చు."

ఓబమ్మ చేతిలోని తెల్లరాయి కిందికి దిగింది. ఆ క్షణాన రేచన ఊరుకుని ఉంటే ఆ రోజు అలాగే గడిచిపోయేది.

రేచన ఆమె మాటలు వినడం లేదు; గొంతు వింటున్నాడు. ఇన్నేళ్ళలో ఆమె ఒక్క ఊపిరిలో ఇన్ని మాటలు మాట్లాడగా అతను చూడలేదు. ఆ కళ్ళలో తడి. పక్షి ఎత్తుకుపోయింది తననే అయితే ఈమె ఈ బండను ఇదే గొంతుతో చదివేదా? 'దళవాయిగారు పోయారు, పాపం' అని పైట సర్దుకునేదేమో.

ఆ ప్రశ్నే అతన్ని మెట్లెక్కించింది. ఆ ప్రశ్నే అతని భుజాన్ని బండకు ఆనించింది.

"జనమే పెద్ద!" అని అరిచాడు. "పట్టండి!"

దళవాయి పట్టిన చోట పట్టడానికి ఎవరికి భయం? వంద చేతులు లేచాయి. బండ మూలిగింది, కదిలింది, మెట్ల మీదుగా దొర్లింది. కువలయ అడ్డుపడితే ఎవరో పక్కకు నెట్టారు. తాత మాత్రం తన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. ఎంత హడావిడిలోనూ బండను ఒక్క వేలితోనైనా తాకలేదు. అది ఎవరూ గమనించలేదు. వాకిలి దాటించి, వంతెన మీదికి మోసుకెళ్ళి, మొసళ్ళు తిరిగే అగడ్తలోకి తోసేశారు. నల్లనీళ్ళు కోట గోడంత ఎత్తుకు లేచి పడ్డాయి.

వెనక్కి వచ్చేసరికి సింహాసనం ఖాళీగా ఉంది.

అక్కడున్న వాళ్ళలో దాన్ని అలా అంతకు ముందు చూసినవాళ్ళు లేరు. బండ కింద నలిగిన పట్టుపరుపు, ఎండిన తేలు, దుమ్ములోంచి తొంగిచూసే కెంపులు. ఖాళీ కుర్చీని చూస్తే మనిషి కాళ్ళకు ఏదో అవుతుంది. ఎక్కడో ఒక గొంతు లేచింది.

"రేచనా!"

ఇంకో గొంతు. ఆపైన కొలువంతా. "రేచనా! రేచనా!"

ఎంతకాలం ఆకలిగా ఉన్నాడో అప్పుడు తెలిసింది అతనికి. మెట్టు మీద మెట్టు ఎక్కాడు. పైకి చేరి తిరిగి చూశాడు. అంత జనంలోనూ అతని కన్ను ఒక్క మొహాన్నే వెతికింది. కువలయ వాకిట్లో, అగడ్త వైపు తిరిగి, పెదవులు కదుపుతోంది. బండ మీది రాతను వల్లె వేస్తోంది. అతని పేరు ఊరంతా అరుస్తుంటే ఆమె ఒక్కతే మునిగిపోయిన రాతితో మాట్లాడుతోంది.

ఆ ఒక్క వీపు చాలు, అన్ని గొంతులూ చప్పబడ్డాయి. రేచన కూర్చోలేదు.

"కూర్చోబెట్టే ముందు ఒక్క మాట," అన్నాడు తలపాగా తాత. "నాయనా, ఆ చేతులకు చుట్టిన గుడ్డ విప్పు."

"ఎందుకు?"

"బిగిసిన తాడు జారితే అరచేయి ఒలుచుకుపోతుంది. నీ గాయాలు చూసి జనం నీకు మొక్కాలి కదా!"

రేచన చేతులు వెనక్కి తీసుకున్నాడు. ఇద్దరు బలవంతాన పట్టుకుని గుడ్డ లాగేశారు. అరచేతుల్లో తాడు నొక్కిన ఎర్రటి గుర్తులున్నాయి. చర్మం చెక్కుచెదరలేదు.

రేచన కూడా వాటిని మొదటిసారి చూశాడు.

"వదిలేశాడు!" తాత గొంతు కొలువంతా మారుమోగింది. "తాడు జారలేదు! మీ శరభుడిని, మీ మణిని ఇతనే పక్షి నోట్లో వేశాడు!"

"అయితే శరభుడు మంచివాడేనా?" ఎవరో అమాయకంగా అడిగారు.

"అది తరవాత! ముందు వీడి సంగతి చూడండి!"

గుండిగలో రాళ్ళు వడగళ్ళలా కురిశాయి. రేచనను మొసళ్ళకు వేయాలి. ఔను, ఔను, ఔను.

"నన్ను చెప్పుకోనివ్వండి!" రేచన అరిచాడు. "అది ఎలా జరిగిందో నాకే తెలియదు... నన్ను మాట్లాడనివ్వండి!"

"మాట్లాడనివ్వాలని ఎక్కడ రాసుంది దళవాయిగారూ?" అన్నాడు వెనకనుంచి ఒకడు.

"అగడ్తలో రాసుంది, దిగి చదువుకోమను!" అంది ఓబమ్మ.

కొలువు విరగబడి నవ్వింది. ఈసారి రేచన నవ్వలేదు. నోరు కదలడం కనిపిస్తుంది, మాట వినిపించదు అని కువలయ చెప్పింది ఇదే. లోపల ఉండి వింటే ఆ నిశ్శబ్దం ఎంత పెద్దదో!

ఆ నవ్వుల మధ్య తలపాగా తాత నెమ్మదిగా మెట్లెక్కి, అలసిన ముసలివాడు అరుగు మీద కూర్చున్నట్టు, సింహాసనం మీద కూర్చున్నాడు.

రాతిసింహాలు తలలు తిప్పాయి.

తలపాగా దానంతటదే విచ్చుకుంది. లోపలినుంచి వెంట్రుకలు కాదు, పొగ. జడలు జడలుగా, పాములు పాములుగా పొగ దిగి మెట్ల మీద పాకింది. ముడతలు రాలిపోయి నల్లరాతి మొహం బయటపడింది. దేశదేశాల తల్లులు పిల్లల్ని భయపెట్టే పేరు ఎవరి నోటినుంచో వచ్చింది: "ధూమ్రజటి!"

"ఔను," అన్నాడు మాంత్రికుడు. గొంతులో ఇంకా ఆ తేనె పోలేదు. "ఎన్ని మంత్రాలు వేసినా ఆ బండ నాకు కదల్లేదు. పెట్టిన ఊరివాళ్ళ చేతులే తీయాలి. తీశారు. మీకు నా దండాలు. కాని నేను దొంగచాటుగా ఏలేవాడిని కాను. మీ ఆచారం నాకూ ఇష్టమే. రాళ్ళు వేయండి. నేను కూర్చోవాలా, వద్దా?"

రెండు సింహాలూ మెట్లు దిగి గుండిగకు చెరో పక్కా కూర్చున్నాయి. జనం వరసగా వచ్చారు. తెలుపు. తెలుపు. తెలుపు. ఓబమ్మదీ తెలుపే.

చివర కువలయ వచ్చింది. ఆమె వేసిన రాయి నల్లగా, ఒంటరిగా, గుండిగ అంచుకు తగిలి ఠంగుమంది.

"చూశారా, ఎంత చక్కటి తీర్పు!" అన్నాడు ధూమ్రజటి. "ఒక్క రాయి తప్ప అన్నీ నావే. మరి ఆ ఒక్క రాయినీ ఏం చేద్దాం?"

జవాబు ఎవరూ గట్టిగా చెప్పలేదు. అయినా కువలయను కూడా మొసళ్ళకు వేయాలని తెల్లరాళ్ళు మళ్ళీ కురిశాయి.

*

వంతెన మీద ఇద్దర్నీ వీపు వీపుకు ఆనించి కట్టారు. కింద మొసళ్ళు కొయ్యదుంగల్లా తేలుతున్నాయి. పడమటి ఎండ అగడ్త మీద పడి నీళ్ళు కాగిన నూనెలా మెరుస్తున్నాయి. జనం గట్టు మీద మూగారు. నవ్వు ఎప్పుడో ఆగిపోయింది. వాకిట్లోకి సింహాసనాన్ని మోయించుకొచ్చి, రెండు రాతిసింహాల నడుమ కూర్చున్నాడు ధూమ్రజటి.

రేచన వీపుకు కువలయ వీపు వెచ్చగా తగులుతోంది. ఇన్నేళ్ళు కోరుకున్న దగ్గరతనం ఇదేనా అనిపించింది.

"నేనే వదిలానో, జారిందో... నిజంగా నాకు తెలియదు," అన్నాడు.

"నవ్వాడన్నది?"

"అది అబద్ధం."

"చెప్పుకోనిస్తే ఈ మాట కొలువులో చెప్పేవారా దళవాయిగారూ?"

రేచన జవాబు చెప్పేలోగా సూర్యుడికి ఏదో అడ్డొచ్చింది.

ఈసారి రెండు తలలూ అరిచాయి. గండభేరుండం మబ్బులు చీల్చుకుని దిగింది. దాని మెడల మధ్య శరభాంకుడు! ఒక చేతిలో కత్తి, ఒక పిడికిట్లో దీపమణి, భుజానికి చుట్టుకున్న తాడు. పక్షి రెక్క విసురుకు మొదటి సింహం గోడకు కొట్టుకుని ముక్కలైంది. రెండోది దూకితే ముక్కుతో ఎత్తి విసిరింది. శరభాంకుడు వంతెన మీదికి ఉరికి ఒక్క వేటుతో కట్లు తెంపాడు.

"పక్షి నిన్ను తినలేదా?" అంది కువలయ, నవ్వూ ఏడుపూ కలిసిన మొహంతో.

"దీని రెండో తల గొంతులో బాణం ముక్క ఇరుక్కుంది. లాగేశాను. అంతే!" అతను రేచన వైపు తిరిగాడు. "అన్నా, తాడు జారింది కదా, చేతులు బాగా కాలాయా?"

తెలిసి అడిగాడో, తెలియక అడిగాడో. తిట్టినా, కొట్టినా రేచన భరించేవాడు. ఆ మాటకు మాత్రం ఎక్కడ దాక్కోవాలో తెలియలేదు.

వాకిట్లో ధూమ్రజటి వేలు ఎత్తాడు. కోట గోడల మీది రాతిఏనుగులు, స్తంభాల రాతినాగులు, ముక్కలైన సింహాల తలలు కూడా ఒళ్ళు విరుచుకుని కదలసాగాయి. ఒక ఏనుగు జనం మీది నుంచే నడిచింది. వాళ్ళు తెల్లరాయి వేసినవాళ్ళేనని అది చూడలేదు.

"బండ!" కువలయ అరిచింది. "బండ మళ్ళీ గద్దెనెక్కితే ఇవన్నీ రాళ్ళే! పైకి తీస్తే చాలు, మోయడానికి జనం వస్తారు. ఇప్పుడు వస్తారు!"

"ఎక్కడుంది?" అన్నాడు శరభాంకుడు.

"అగడ్తలో."

"మొసళ్ళేగా! నేను దిగుతాను." అతను అప్పుడే మణిని కువలయ చేతిలో పెట్టి, నడికట్టు బిగిస్తున్నాడు.

రేచన అతన్ని చూశాడు. మణి తెచ్చింది ఇతనే. పక్షిని మచ్చిక చేసింది ఇతనే. కట్లు కోసింది ఇతనే. ఇక బండను తెచ్చేది కూడా ఇతనే. గట్టు మీది ఆ గొంతులు మళ్ళీ శరభా శరభా అంటాయి. తను తోసినదాన్ని తను తెచ్చుకునే పాటి హక్కు కూడా తనకు మిగలదు.

పశ్చాత్తాపం కాదు అది. తరవాత ఎప్పుడైనా ఎవరైనా అడిగితే అలా చెప్పుకోవచ్చు. ఆ క్షణాన రేచనను వంతెన మీది నుంచి దూకించింది పాత అసూయే.

గాలిలో ఉండగా ఆమె గొంతు వినిపించింది.

"రేచనా!"

గారూ లేదు. అంతలోనే నీళ్ళు చెవుల మీద మూసుకున్నాయి.

నలుపు. బురద. మొలలోని తాళాల బరువు అతన్ని కిందికి దించుతోంది. పక్కనుంచి గరుకైన పొట్ట ఒకటి రాసుకుంటూ పోయింది. పైన ఎవరో మణిని నీటి మీదికి చాచినట్టున్నారు. నిప్పురంగు వెలుగు పొరలు పొరలుగా దిగింది. ఆ వెలుగూ శరభుడు తెచ్చిందే. ఆ వెలుగులోనే బండ కనిపించింది. మొహం పైకి పెట్టుకుని పడుకుని ఉంది. రేచన దాని మీద వాలి చేత్తో తడిమాడు. జనమంతా తుడిచేశామనుకున్న అక్షరాలు వేలికింద లోతుగా, చల్లగా అలాగే ఉన్నాయి. నోరు విప్పి చెప్పుకోనివ్వకుండా...

పైనుంచి తాడు దిగింది. అదే తాడు. పొద్దున అతని చేతుల్లో ఉన్నది.

దాని అవతలి కొసన ఎవరు కాళ్ళు తన్నిపెట్టి నిలబడ్డారో చూడనక్కరలేదు. ఊపిరి అయిపోతోంది. తాడు బండకో, తనకో, ఒక్కరికే చాలుతుంది. నడుముకు చుట్టుకుంటే ఇప్పుడే గాలిలోకి తేలిపోవచ్చు.

రేచన దాన్ని బండకు కట్టాడు. అడ్డంగా ఒక చుట్టు, నిలువుగా ఒక చుట్టు. ముడి బిగించి తాడును గట్టిగా ఊపాడు.

పైన గండభేరుండం రెక్కల అదురుతో తాడు జివ్వున బిగిసింది. బురద విడిచి బండ లేచింది. పైనున్న శరభుడు ఏం వచ్చి మీద పడినా తాడు వదలడని రేచనకు తెలుసు. తెలిసినందుకే, ఈ నీటి అడుగునా, అతన్ని చూస్తే ఒళ్ళు మండుతోంది.

బండ అంచు పట్టుకుని తనూ పైకి పోదామని చెయ్యి చాచాడు. అప్పుడే బురదలోంచి ధూమ్రజటి జడలాంటి పొగ ఒకటి లేచి, అతని చీలమండకు చుట్టుకుని, కిందికి లాగింది; బండ మాత్రం ఆగకుండా పైకి పోయింది.